బాప్తిస్మపు తొట్టికి పడవ రంగు

మొన్న చైతన్యపురి మెట్రో స్టేషన్ కింద ఇనుప కంచెకు రంగు వేస్తుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలి, ఎల్బీనగర్‌లోని మా చిన్న ప్రార్థనా మందిరం, దాని వెనుక సిమెంటుతో కట్టిన బాప్తిస్మపు తొట్టి, ఆ తొట్టిని పాడుచేసిన సంఘ పెద్ద సామ్యేలు గారు ఒక్కసారిగా గుర్తుకొచ్చారు. దేవుని ఇంట్లో నేను చూసిన అహంకారాల్లో అంత తెలివితక్కువది మరొకటి లేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే పిల్లలకు పండుగే. బస్సులు ఆగి ఖాళీ అయిన విజయవాడ రోడ్డు మీద ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడి, దాహమేస్తే మందిరం వెనక్కి పరుగెత్తి, పంపు నీళ్లు తాగి, దోమపిల్లలను తినడానికి తొట్టిలో వదిలిన చిన్న చేపలను అక్క చున్నీతో పట్టి మళ్లీ వదిలేవాళ్లం. మట్టలాదివారం నుంచి ఈస్టర్ దాకా ఆ పెరట్లో ఈతమట్టల పచ్చివాసన, బగారన్నానికి కోసే ఉల్లిగడ్డల ఘాటు, ముసలమ్మల పాటలు కలగలిసి ఉండేవి. నల్గొండ పల్లెల నుంచి వచ్చిన మేమూ, కోస్తా నుంచి వచ్చినవాళ్లూ ఒకే చాప మీద కూర్చునేవాళ్లం.

సామ్యేలు గారిది కాకినాడ వైపు. ఆయన బావమరిది పడవలు బాగుచేసేవాడు. తొట్టికి పాచి పడుతోందని, బావమరిది దగ్గర మిగిలిన ఎర్రటి పడవ రంగు డబ్బాలు తెప్పించి, ఈస్టర్‌కు ముందు దగ్గరుండి పూయించారు. ఆ వారం కూడికలో ఆయన మాట్లాడింది దేవుని వాక్యం గురించి కాదు, రంగు గురించే.

"పడవ అడుక్కి గుల్లలు పట్టేస్తాయండి, రాళ్లలాగా. ఇక పడవ కదల్లేక డీజిలంతా తాగేస్తది. ఈ రంగేస్తే ఒక్కటి అంటుకోదు. మా ఏట్లో పడవలు ఆగేచోట ఇప్పుడు గుల్ల లేదు, పీత లేదు. అంత పవరండి దీనికి."

తన ఊరి ఏరు చచ్చిపోతున్న సంగతిని ఒక మనిషి ఇంత గొప్పగా చెప్పుకున్నాడు, అదీ సృష్టి దేవునిదని ప్రతి ఆదివారం ప్రార్థించే నోటితోనే. రంగులోని విషం మెల్లగా నీళ్లలోకి దిగుతుంది కనుకనే గుల్లలు అంటుకోవు. పడవను పట్టే గుల్లలు వేరు, బురదలో ఆడవాళ్లు ఏరుకొని వండుకునేవి వేరు. విషానికి ఆ తేడా తెలియదు. సామ్యేలు గారికి తెలిసినా అక్కరలేదు.

తొట్టి నింపి, బకెట్లో దాచిన చేపలను మళ్లీ వదిలిన మర్నాడు అవన్నీ తెల్లటి కడుపులతో పైకి తేలాయి. ఆ ఈస్టర్ తెల్లవారుజామున అందులో మునగాల్సినవాళ్లలో మా రూతక్క ఉంది. బాప్తిస్మం లేనిదే ఆరాధనలో పంచే ప్రభువు బల్ల రొట్టె లేదు. ఆ రొట్టె కోసం అక్క ఉపవాసాలుండి ఎదురుచూస్తోంది.

"చాపలు సచ్చిన నీళ్లల్ల నా బిడ్డను ముంచనియ్యనన్నా," అంది అమ్మ సామ్యేలు గారితో.

"ఎండకి చచ్చాయి సిస్టర్. విశ్వాసం ఉండాలి."

"విశ్వాసం దేవుని మీద ఉన్నది. నీ డబ్బా మీద ఎందుకుంటది?"

ఎవరో నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది. "అదీ సంగతి. మేం ఆంధ్రావాళ్లమనే కదమ్మా ఈ గొడవంతా?"

ఊరంతా రగులుతున్న ఉద్యమాన్ని దుప్పటిలా లాగి తన తప్పు మీద కప్పుకున్నారు. పక్కనున్న కోస్తావాళ్లే సిగ్గుతో తలలు దించుకున్నారు.

పాస్టరు గారు ఆయననూ ఎదిరించలేక, అమ్మనూ కాదనలేక, మా వాకిట్లో నీలం డ్రమ్ములో ట్యాంకర్ నీళ్లు పోయించి అక్కకు బాప్తిస్మమిచ్చారు. తొట్టిలో మునిగినవాళ్లు ఆరాధన మొదలయ్యేసరికే ఒళ్లు గోక్కుంటున్నారు. సామ్యేలు గారు దాన్ని సాతాను శోధన అన్నారు. రొట్టె పళ్లెం పట్టుకొని వరుసలోకి వచ్చింది కూడా ఆయనే. అక్క దగ్గరికి రాగానే పళ్లెం పక్కకు జరిపి, "డ్రమ్ము బాప్తిస్మాలు చెల్లవమ్మా," అన్నారు.

అక్క లేచి నిలబడి, చెయ్యి చాపి, ముక్క తీసుకుంది. "రొట్టె నీది గాదు పెద్దయ్యా," అంది నెమ్మదిగా. పాస్టరు గారు కళ్లు మూసుకొని "ఆమెన్" అన్నారు.

రాష్ట్రం వచ్చింది. సంఘం రెండుగా చీలింది. మందిరం ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ పిల్లల హాస్టల్. ఆ ఒకే చాప ఎక్కడా లేదు. పోయిన వేసవిలో కాకినాడ వైపు వెళ్లినప్పుడు అక్కా నేనూ సామ్యేలు గారి ఊరి ఏటి ఒడ్డుకు వెళ్లాం. గుల్లలు దొరుకుతాయా అని అడిగితే చేపలమ్మే ఆవిడ, "మా అమ్మ ఏరేదండి, మేం ఎరగం," అంది. పడవల అడుగులు మాత్రం నున్నగా, ఎర్రగా మెరుస్తున్నాయి. సామ్యేలు గారిలాంటివాళ్లు కోరుకున్న శుభ్రత ఇదే. అక్క కాళ్లు తడుపుకుందామని చెప్పులు విప్పి, నీళ్ల అంచుదాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది.