రోజుకో గ్లాసు బావినీళ్లు

నరసరావుపేటలో మా అమ్మాయి ఇంటి హాల్లో, కిటికీ పక్కన, కొత్తగా ఒక అద్దాల తొట్టి వచ్చింది. దాని అడుగున పోయడానికి తెచ్చిన గులకరాళ్లను మనవరాలు బకెట్లో కడుగుతుంటే తడిసిన రాతివాసన ఇల్లంతా కమ్మింది. ఎండాకాలం సాయంత్రం నాపరాయి అరుగు మీద నీళ్లు చల్లితే లేచే వాసన అది. తరుగుతున్న దొండకాయలు పక్కన పెట్టి లేచి వెళ్లాను. మనవరాలు చిన్న కాగితం ముక్కను కుళాయి నీళ్లలో ముంచి తీసింది. చూస్తుండగానే దాని రంగు మారింది. "ఇక్కడి నీళ్లు చాలా గట్టివి అమ్మమ్మా, సున్నం ఎక్కువ. వీటికి తట్టుకునే చేపలేవో చూసుకుని కొనాలి" అంది. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు. ఆ కాగితం మీది రంగులు నాకేం తెలుస్తాయి? నీళ్లు గట్టివైతే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. ఆ నీళ్ల మూలంగానే నా తొమ్మిదో ఏట ఒక వేసవంతా ఏడ్చాను. ఇప్పుడు నేను చెబుతుంటే ఆ పిల్లే ఇది రాస్తోంది.

మాది గురజాల దగ్గర పల్లె. ఇంటి నేల నాపరాయి, అరుగు నాపరాయి, పొలం గట్టు నాపరాయి, బావి తవ్వినా పక్కలన్నీ నాపరాయే. తొక్కుడుబిళ్ల ఆడటానికి బిళ్ల వెతుక్కోనక్కర్లేదు, కాలి కింద ఏరుకుంటే చాలు. మిరపకాయలు కోసే రోజుల్లో కళ్లాల మీద ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటుకు ఊరంతా తుమ్ముతూ ఉండేది. ఉగాది పూట మా నాయనమ్మ బొబ్బట్లకు శనగపప్పు పొయ్యి మీద పెడితే, మేం గచ్చకాయలాట మూడుసార్లు ఆడి వచ్చినా అది పలుకు పలుకుగానే ఉండేది. నీళ్ల గుణం అది. ఊళ్లో రెండు బావులు. వాడుక బావిలో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి పెరుగు విరిగినట్టు తేలుతుంది. మంచినీళ్ల బావి కాస్త నయం. దాని గట్టు మీద కాళ్లు కడిగితే ఎంతటి వాళ్లనైనా నాయనమ్మ తిట్టేది.

మా అమ్మది రేపల్లె వైపు, కాలువ నీళ్ల ఊరు. మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆమెకు కడుపులో నొప్పి, జుట్టు పిడికిళ్ల కొద్దీ ఊడటం. డాక్టరు ఇచ్చిన తెల్లబిళ్లలు గూట్లో పేరుకుపోయాయి. ఊరంతా ఒకటే మాట, ఆమెకు ఈ ఊరి నీళ్లు పడలేదని. ఆ ఏడు మిరపకోతలు కాగానే అమ్మ పుట్టింటికి వెళ్లింది. ఉగాది వెళ్లిపోయింది, ఎండలు ముదిరాయి, అమ్మ రాలేదు. మా నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని దారి వైపు చూసేవాడు. ఒకరోజు నాయనమ్మ పక్కింటావిడతో, "నీళ్లు పడని మనిషిని ఎన్నాళ్లని కాపాడతాం? ఆడనే ఉండనీ" అంటుంటే తలుపు వెనక నిలబడి విన్నాను.

మా వీధి చివర కరీముల్లా మామ షెడ్డు ఉండేది. ఆయిలింజన్లు, మోటార్లు బాగుచేసేవాడు. ఆ షెడ్డులో కాలిన నూనె వాసన, గ్రీజు వాసన, వాళ్లింటి నుంచి వచ్చే ఉల్లిపాయల వేపుడు వాసన కలిసి ఉండేవి. పీర్ల పండక్కి మాకు బెల్లం పానకం చెంబులతో ఇచ్చేది ఆయన భార్య. మామకు వింత వస్తువులంటే పిచ్చి. కిటికీ అద్దాలు నాలుగు తెచ్చి, లప్పంతో అతికించి తొట్టి చేశాడు. గుంటూరు వెళ్లి ప్లాస్టిక్ సంచిలో నాలుగు చేపలు తెచ్చాడు. సూదంత చేపలు, పక్కన నీలిగీత, తోక దగ్గర ఎరుపు. "యాడివి మామా ఇవి?" అని అడిగాను. "చానా దూరపువి పిల్లా. మన దేశానివే కావంట" అన్నాడు.

అప్పుడే నా బుర్రలో పడింది. అంత దూరపు చేప మా ఊరి నీళ్లలో బతికితే, రేపల్లె నుంచి వచ్చిన అమ్మ బతకదా? ఎవరితోనూ అనలేదు. మంచినీళ్లే పొయ్యమని షాపతను చెప్పాడట. మంచినీళ్ల బావి నుంచి నా బుల్లిబిందెతో నేనే పన్నెండుసార్లు మోశాను. చేపల్ని అందులోకి వదలగానే గిరగిరా తిరిగాయి. మూడో రోజు పొద్దున్నకల్లా నాలుగూ వెల్లకిలా తేలాయి.

నేను ఏడుస్తూనే ఉన్నాను. చేప కోసం ఇంత ఏడుపేందని మామ నా పక్కన చతికిలబడ్డాడు. అమ్మ ఇంక రాదు మామా అన్నాను. ఆయన నూనెచేతుల్ని గుడ్డతో తుడుచుకున్నాడు. తరవాత విప్పిపెట్టిన ఇంజను దగ్గరికి తీసుకుపోయి లోపల చూపించాడు. నీళ్లు తిరిగే చోటంతా వేలెడు మందాన తెల్లగా గడ్డకట్టి ఉంది. "ఇది మన మంచినీళ్లు చేసిన పని. దీన్ని ఉలితో గీకలేక చస్తన్నా. ఇనుముకే ఇట్టా ఉంటే సూదంత చేప ఏంజేస్తది?" అన్నాడు.

మూడు మందుసీసాలు కడిగి, ఒకదాంట్లో వాడుక నీళ్లు, ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో సైకిలు మీద వెళ్లి తెచ్చిన సాగర్ కాలువ నీళ్లు పోసి, తలా ఒక సబ్బుపలుకు వేసి నన్ను ఊపమన్నాడు. కాలువ సీసా నిండా నురగ. మంచినీళ్లకు అంచున కాస్త. వాడుక నీళ్లకు అసలే లేదు. "మంచినీళ్లంటే మనకు మంచియ్యే. ఆ చేపలు నురగొచ్చే నీళ్లలో పుట్టినయ్" అన్నాడు.

మర్నాడు పాత పంచెగుడ్డతో వాడుక బావిలోంచి చిన్నచేపల్ని పట్టి తొట్టిలో వేశాడు. దోమలు పెరక్కుండా మలేరియా వాళ్లు వదిలిన చేపలవి. ఆ సున్నపు నీళ్లలోనే పిల్లలు పెట్టి గంతులేస్తున్నాయి. తొట్టి పెట్టుకునేవాడు ముందు తన నీళ్లను చూసుకుని, వాటికి తగ్గ చేపను తెచ్చుకోవాలని అప్పుడే విన్నాను. నాకది నచ్చలేదు. "ఇయ్యి ఈడ పుట్టినయ్యే గదా మామా. బయట నుంచి వచ్చినయ్ బతుకుతయ్యా?" అని అడిగాను.

మామ మళ్లీ గుంటూరు వెళ్లాడు. ఈసారి షాపతనితో గంటసేపు మాట్లాడి, అవే నీలిగీత చేపలు రెండు, వాటి నీళ్లు ఒక డబ్బాతో సహా తెచ్చాడు. గాజుజాడీలో వాటిని వాటి నీళ్లలోనే ఉంచి, రోజూ పొద్దున ఒక టీగ్లాసు పాతనీళ్లు తీసి, ఒక టీగ్లాసు బావినీళ్లు పోసేవాడు. ఆ గ్లాసు నా చేతికే ఇచ్చేవాడు. నేను గబుక్కున వంచబోతే, "మెల్లిగా పొయ్యి. అదేమన్నా బర్రెకు కుడితా?" అనేవాడు.

నాలుగో రోజు నాయనమ్మ షెడ్డుకు వచ్చింది.

"ఒరేయ్ కరీమూ, మా మోటారు సంగతేంది?"

"మీ మోటారు నిన్ననే ఇచ్చా గదా పెద్దమ్మా."

"ఇస్తే ఇచ్చావులే" అని జాడీ వైపు చూసింది. "చావలా ఇయ్యి?"

"ఒక్కపాలిగా పోస్తే చచ్చేయి. రోజుకింత అలవాటు చేస్తన్నా."

నాయనమ్మ వంగి జాడీలోకి చూసి వెళ్లిపోయింది. మర్నాడు కూడా వచ్చింది. ఆ తరవాత ఏ సాకూ చెప్పకుండా వచ్చి, ఇంజను దిమ్మె మీద కూర్చుని, నేను గ్లాసు పోసేదాకా చూసి వెళ్లేది. పదిహేనో రోజుకు జాడీ నిండా మా బావినీళ్లే. రెండు చేపలూ ఈదుతున్నాయి. ఆ సాయంత్రం నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

మూడు రోజులకు తిరిగొచ్చింది. బస్సు దిగేటప్పుడు ఆమె చంకలో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడిబిందె ఉంది, వెనకాల అమ్మ ఉంది. రేపల్లె కాలువ నీళ్లతో నింపిన ఆ బిందెను బస్సులు మారుతూ ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చింది. మర్నాటి నుంచి ఆ నీళ్లు కాచి చల్లార్చి, అందులో ఒక టీగ్లాసు బావినీళ్లు కలిపి, పొద్దున్నే తనే అమ్మ చేతికి చెంబు ఇచ్చేది. "తాగు. వేడిగా ఉందా? సరే, కూర్చుని తాగు" అనేది. అంతకు ముందు ఆమె అమ్మను కూర్చోమనడం నేను వినలేదు. రోజులు గడిచేకొద్దీ బావినీళ్లు పెరిగాయి, బిందె ఖాళీ అయింది, అయినా పొద్దున చెంబు ఇవ్వడం నాయనమ్మ మానలేదు. అమ్మ కడుపునొప్పి ఎప్పుడు తగ్గిందో ఎవరూ గమనించలేదు. ఆమెకు పడనిది నీళ్లేనా అని ఇంత వయసొచ్చాక అనుకుంటాను.

ఆ ఇంట్లో ఇప్పుడు వాళ్లెవరూ లేరు. కరీముల్లా మామ షెడ్డున్న చోట మిరపకాయల గోదాము కట్టారు. నేను అదే ఊళ్లో మేనత్త కొడుకును చేసుకుని, ఆ నీళ్లే తాగి బతికాను. మంచినీళ్ల బావిని నాపరాళ్ల ముక్కలతో పూడ్చేసి నాలుగేళ్లయింది. పోయిన ఏడు మా ఆయన పోయాడు, రెండు నెలల కింద అమ్మాయి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడ తాగేది క్యాన్ నీళ్లు. ఊరికి వెళ్లినా అవే నీళ్లు.

నిన్న మనవరాలు చేపల సంచి తెచ్చి, ఒక్కసారిగా తొట్టిలో బోర్లించబోయింది. "ఏమే, ఆగు" అని టీగ్లాసు తెప్పించాను. తొట్టి నీళ్లు సంచిలోకి గంటకింత పోస్తూ సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను. వంటింట్లోంచి అమ్మాయి వచ్చి, క్యాన్ నీళ్ల గ్లాసు నాకు అందిస్తూ, "ఇక్కడి నీళ్లు నీకు పడ్డట్టేనా అమ్మా?" అంది.

పడతాయిలే అన్నాను. అందులో కలుపుకోవడానికి ఒక్క గ్లాసు మా బావినీళ్లు ఎవరు తెచ్చిస్తారని అడగలేదు. దాని చేతిలోంచి గ్లాసు అందుకుని, కూర్చునే తాగాను.