వాసన చూస్తే చాలన్నాను

నేను మందు ముట్టను. డెబ్బై నాలుగేళ్లలో ఒక్కసారే బార్ గడప తొక్కాను. అదీ మొన్నటి వానాకాలంలో, మధ్యాహ్నం మూడు గంటలకు, చంకలో నాలుగు చాయ్‌పత్తి పొట్లాలతో. అక్కడ చూసింది ఇంకా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఉస్మాన్‌గంజ్‌లో ఒక టోకు దుకాణంలో నలభై ఆరేళ్లుగా చాయ్‌పత్తి కలిపే పని నాది. అస్సాం పొడి ఎంత, నీలగిరి ఆకు ఎంత వేస్తే హోటల్ చాయ్‌కి రంగు, చిక్కదనం, వగరు కుదురుతాయో చూసి చెప్పడం. నాకెవరూ నేర్పలేదు. ఏడో తరగతితో బడి మానేశాను. ఇంగ్లీషు కూడా ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర నిలబడి నేర్చుకున్నదే. కొనకుండా చదువుతున్నానని తరిమినవాళ్లే కొన్నాళ్లకు స్టూలు వేశారు. ఇప్పుడు మూడు వారాల కోర్సు చదివినవాళ్లు వచ్చి, దారానికి వేలాడే కాగితపు సంచిలో దుమ్ము నింపి దానికి 'ప్రీమియం' అని పేరు పెడితే ఒళ్లు మండిపోతుంది. దుమ్ముకు పేరేమిటి?

ఆ వానలకు ముందు, ఎండల్లో నాకు జ్వరం వచ్చింది. పది రోజులకు తగ్గింది గానీ పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. అగర్‌బత్తి, కిరసనాయిలు, కాలిన రొట్టె, ఏదీ తెలియదు. వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు దవాఖానలో డాక్టరు. నేను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. వాసన తెలియనివాడికి చాయ్‌పత్తి దుకాణంలో ఏం పని? నాలుగు నెలలు రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, పాత పాళ్లు గుర్తు చేసుకుని నెట్టుకొచ్చాను. ఎప్పటిలాగే పిడికెడు పత్తి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. అది నటన. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు.

అలాంటి రోజుల్లోనే నాంపల్లి స్టేషన్ రోడ్డు దగ్గరి ఒక బార్‌లో పానీయాలు కలిపే మనిషి మా సేటుకు ఫోన్ చేశాడు. చాయ్‌తో కొత్త కాక్‌టెయిల్ చేస్తాడట, మంచి పత్తి కావాలట.

"మీరే పోయి చూపించుండ్రి చాచా. పత్తి సంగతి తెలిసినోళ్లే రావాల్నంటున్నడు," అన్నాడు సేటు.

నా పత్తిలో సారా పోస్తాడా! నాలుగు తిట్టి రావాలనే బయలుదేరాను. మర్నాడు హోటళ్లకు వెళ్లాల్సిన ముప్పై బస్తాల మాల్ సిద్ధంగా ఉంది. పొట్లాలు అందులోంచే కట్టాను.

బార్ ఇంకా తెరవలేదు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఇద్దరు నేల తుడుస్తున్నారు. కౌంటర్ వెనక నలభై ఏళ్ల మనిషి, భుజం మీద తువ్వాలు, నారింజ తొక్కను పల్చగా కోస్తున్నాడు.

"రండ్రి పెద్దసారూ, కూసోండ్రి."

"కూసునుడు తర్వాత. ముందు గిది చెప్పు. మందుల చాయ్ పోసుడేంది? రేపు ఉప్మాల గూడ పోస్తవా?"

"ఉప్మాల పొయ్యలే గానీ చారుల పోసి చూసిన. మస్తుంటది," అన్నాడు, తొక్క మీద నుంచి చూపు తిప్పకుండా.

నేను కూర్చున్నాను. మందు లేకుండా ఒకటి చేసి ఇస్తానన్నాడు. తన దగ్గరున్న పత్తితో కాచి చల్లార్చిన డికాక్షన్, నిమ్మరసం, బెల్లం పాకం, ఐసు, అన్నీ స్టీలు డబ్బాలో వేసి, మూత బిగించి చెవి పక్కన పెట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. చూపు ఎటో ఉంది. ఉన్నట్టుండి ఆపేశాడు. డబ్బా మీద తెల్లగా మంచు పట్టింది.

"గడియారం చూడకుండ ఎట్ల ఆపినవ్?"

"చెవి చెప్తది. ఐసు మొదాలు గలగలమంటది. జర నీళ్లు దిగినంక చప్పుడు మెత్తగైతది. గప్పుడు ఆపాలె. ఐసు సల్లదనానికే అనుకుంటరు అందరు. నీళ్లు గూడ అదే పోస్తది. గా నీళ్లు తక్కువైతె గొంతుల గీరుకుంటది, ఎక్కువైతె సప్పగైతది."

మరుగుతున్న డికాక్షన్ చప్పుడు విని దించేవాణ్ణి నేను. ఆ విద్య లోకంలో నా ఒక్కడిదే అనుకున్నాను.

గ్లాసులోకి వంచే ముందు అతను రెండు చుక్కలు సింకులో వదిలాడు.

"గదేంది?"

"సాక. మా నాయిన నల్గొండ దిక్కు తాళ్లెక్కి కల్లు గీసెటోడు. మా ఇంట్ల తల్లికి, గదే ఊరి దేవతకు, పొయ్యకుంట ఎవ్వరు తాగరు. గీడ నేల మీద పోస్తె మేనేజర్ తిడతడు."

నేను ఊరుకోవచ్చు కదా. వెనక అరలో వైన్ సీసాలు కనిపించేసరికి ఫుట్‌పాత్ చదువు గుర్తొచ్చింది. మాంసానికి ఎర్రది, చేపకు తెల్లది అంటూ పాఠం చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"గది బయటి దేశపోళ్లకు పెద్దసారూ. మనం తినేది మిరపకాయ. ఎర్రదాంట్ల వగరుంటది, ద్రాక్ష తొక్కకెల్లి వస్తది. మీ చాయ్‌ల ఉన్నసొంటి వగరే. కారం మీద గది పడితె మంట ఇంక లేస్తది. గందుకే జర తీపున్నది, సల్లగున్నది ఇయ్యాలె. ధర చూసి తీసుకునేటోడు బిర్యాని తినుకుంట నీళ్లకు ఉరుకుతడు."

నలభై ఆరేళ్లు వగరుతో కాపురం చేశాను. అది ఎక్కడో పరాయి దేశపు ద్రాక్ష తొక్కలో కూడా ఉంటుందని, ఆకుకూ పండుకూ అలా చుట్టరికం ఉంటుందని ఒక్క రోజైనా అనుకోలేదు. పెద్ద గుడిలోకి మొదటిసారి అడుగుపెట్టినవాడిలా కూర్చుండిపోయాను.

అప్పుడు అతను నా పొట్లాలు విప్పాడు. మొదటిది ముక్కు దగ్గరికి తీసుకెళ్లి ఆగాడు. రెండోది చూశాడు. నాలుగూ చూసి, మళ్లీ జాగ్రత్తగా మడిచాడు. రెండు గ్లాసుల్లో కాస్త కాస్త ఎర్ర వైన్ పోసి నా ముందు పెట్టాడు.

"మీరు తాగరని తెలుసు. ఏది మంచిదో చెప్పుండ్రి."

"తాగే పనేముంది? నాకు వాసన చూస్తే చాలు," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. కళ్లు మూసుకుని ఒక్కో గ్లాసూ ముక్కు కింద తిప్పి, రంగు చిక్కగా ఉన్నదాన్ని ముందుకు జరిపాను.

అతను నేల తుడిచేవాళ్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "గది నెల కింద మూత తీసి మర్చిపోయిన సీస. పులిసి సిరకైంది, వెనిగర్ లెక్క. నాకు గీడికి వాసన కొడుతుంది." మడిచిన పొట్లాలను నా వైపు జరిపాడు. "మీ పత్తిల ఇంగువ వాసనొస్తుంది పెద్దసారూ. నాలుగు పొట్లాలల్ల. ముక్కు ఎప్పటిసంది పనిచేస్తలేదు?"

వారం కింద గోదాములో పైకప్పు కారుతోందని బస్తాలు లోపలి గోడకు జరిపించింది నేనే. ఆ గోడ పక్కనే మా సేటు అమ్మే ఇంగువ డబ్బాలు పేర్చి ఉంటాయి. చాయ్‌పత్తి పక్కన ఏది ఉంటే దాని వాసన లాగేస్తుందని కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పేవాణ్ణి. ముప్పై బస్తాలు. తెల్లారితే ఊరంతా ఇంగువ చాయ్.

కోపం తెచ్చుకుందామంటే రాలేదు. "నాలుగు నెలలైంది," అన్నాను. ఆ మాట మొదట విన్నది, పేరు కూడా తెలియని ఆ మనిషే.

అతను చాయ్ గ్లాసు ముందుకు తోశాడు. "గిది తాగి చెప్పుండ్రి."

తాగాను. పులుపు, వెనక బెల్లం, ఆ తర్వాత నాలుక పక్కలను పట్టి లాగిన వగరు. "పత్తి నీళ్లల్ల ఎక్కువసేపు ఉంచినవ్. జరంత ముందే తియ్యాలె."

అతని చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "ఔ! ఫోనొచ్చింది, మర్చిపోయిన. పెద్దసారూ, మీ నాలుక యాడికి పోలే. ముక్కే పోయింది. నాకు సర్దయినప్పుడు మా వెయిటర్‌ను పిలిచి వాసన చూడమంట, నేను రుచి చూస్త. దాంట్ల సిగ్గేంది?"

సిగ్గే. ఆటోలో దారంతా సిగ్గే. అయినా దుకాణం మెట్లెక్కగానే సేటుతో మాల్ ఆపమన్నాను. ముక్కు సంగతి, ఇంగువ సంగతి, నాలుగు నెలల సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాను. సేటు తెల్లబోయి చూశాడు. మూల కూర్చుని ఇరవై ఏళ్లుగా పత్తి జల్లించే ఆవిడ మాత్రం జల్లెడ ఆపలేదు.

"పత్తికి ఇంగువ కొడుతుందని నాకు వారం సంది తెలుసు," అంది.

"తెలిస్తే చెప్పొద్దా?"

"నిరుడు పత్తికి తేమ తగిలిందన్నందుకు మూడు రోజులు నాతోని మాట్లాడకపోతిరి. మళ్ల ఎవలు చెప్తరు మీకు?"

బస్తాలు ఎత్తే హమాలీ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. అతనికీ తెలుసన్నమాట. దుకాణంలో తెలియంది సేటుకూ నాకూ మాత్రమే.

"మరి రేపటి సంది ఎట్ల చాచా?" అన్నాడు సేటు.

ఇంగువ తగలని కొత్త బస్తా ఒకటి విప్పించాను. పిడికెడు పత్తి తీసి ఆవిడ చేతిలో పోశాను. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, అచ్చం నాలాగే కళ్లు మూసుకుంది. అదే పత్తితో కాచిన చాయ్ గిన్నె పట్టుకుని, ఆవిడ ఏం చెబుతుందోనని నేను పక్కన నిలబడ్డాను.