అంచు కుట్టిన కన్నం

హెట్టీ సగ్డెన్ బతుకంతా కన్నాలు పూడ్చిన మనిషి. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ ఊలు మిల్లులో నలభై ఏళ్లు, మగ్గం దిగిన బట్టలో పోగు తెగితే సూదితో కలిపేది. ఎక్కడ కలిపిందో మేస్త్రీ వెతికినా దొరికేది కాదు. అలాంటి మనిషి డెబ్భై ఎనిమిదో ఏట కత్తెర పట్టుకుని కన్నం కోసింది. కొయ్యదూ మరి!

ఆమె పెరటి వెనక ముళ్లపొదల కంచె ఉంది. దాని అవతలి పొలాన్ని ఇళ్లు కట్టే కంపెనీ ఒకటి కంచెతో సహా కొనేసింది. కంచె కొట్టేసి దారి వెయ్యాలి. పిట్ట గూడు మొదలెడితే మాత్రం కొమ్మ ముట్టుకోకూడదని చట్టం. అందుకని ఆ మహానుభావులు పిట్టలు దూరకుండా ఫిబ్రవరిలోనే కంచె మొత్తానికి పచ్చటి వల కప్పేశారు. ఏటా అక్కడే గూడు కట్టే నల్లపిట్ట పెంటి ఆ వల మీద వాలి, కాలు చిక్కుకుని, గింజుకుని గింజుకుని బయటపడింది. వంటింటి కిటికీలోంచి హెట్టీ అదంతా చూసింది.

కంచె మొదళ్ల దగ్గర ఆమె తల్లి నాటిన స్నోడ్రాప్ పూలున్నాయి. మంచు కరగకముందే తల వంచుకుని తెల్లగా పూస్తాయి. పూలు వాడాక, ఆకు పచ్చగా ఉన్న ఆ రెండు మూడు వారాల్లోనే వాటిని తవ్వి మార్చాలి. పక్కింటి నోరాకు అదే బెంగ. మిల్లులో కూడా ఇద్దరిదీ పక్కపక్క బల్లలే, అందుకని చనువెక్కువ.

"కంచె ఎలాగూ పోతుందే. మీ అమ్మ పూలైనా దక్కించుకో" అంది నోరా.

"నేను తవ్వితే కంచె పోయిందని నేనే ఒప్పుకున్నట్టు. తవ్వను."

"మొండిఘటానివి."

"ఇవాళే తెలిసిందా నీకు?"

మర్నాడు పొద్దున్నే హెట్టీ వలకు ఒక మూల పిడికెడంత కన్నం కోసింది. తర్వాత పది రోజులూ కిటికీ దగ్గరే కూర్చుంది. రాబిన్ పిట్ట ఒకసారి తొంగిచూసి పోయింది. నల్లపిట్ట మాత్రం ఆమె కంట పడనే లేదు. స్నోడ్రాప్ పూలు వాడిపోయాయి. సోమవారం కంచె కొట్టే మిషను వస్తుందని తెలిసి, ఆదివారం ఆమె తోటపార తీసి చేత్తో పట్టుకుంది. కాసేపు నిలబడి, దాన్ని మళ్లీ సామాన్ల కొట్లోనే పడేసింది.

సోమవారం మిషను వచ్చింది. హెట్టీ పూల పక్కన కుర్చీ వేసుకుని, టీ ఫ్లాస్కుతో సహా కూర్చుంది. లేవమని కంపెనీ మేస్త్రీ కీత్ మర్యాదగానే అడిగాడు. ఆమె కప్పులో టీ పోసుకుంది. అతను ఇంకోసారి నోరు తెరిచేలోగా నల్లపిట్ట పెంటి, ముక్కున ఎండుగడ్డితో, సరాసరి ఆ కన్నంలోకి దూరిపోయింది. కీత్ వంగి చూశాడు. లోపల సగం కట్టిన గూడుంది, బురద ఇంకా తడిగానే ఉంది. అతను మిషను ఆపించాడు.

తర్వాత కన్నం చుట్టూ వేలు తిప్పి చూశాడు. దారం ఒక్కటీ వేలాడటం లేదు. అంచంతా మడిచి సన్నగా కుట్టి ఉంది. పక్కన ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"గాలికి చిరిగిందని రిపోర్టులో రాసేస్తానమ్మా. మీకూ నాకూ గొడవుండదు."

"గాలికి కుట్టుపని వచ్చా నాయనా? పిట్ట కాలు చిక్కకూడదని నేనే కోసి నేనే కుట్టాను. హెట్టీ సగ్డెన్. స్పెల్లింగు చెప్పనా?"

కీత్ రాసుకున్నాడు. పిల్లలు ఎగిరిపోయాక, ఆగస్టులో మళ్లీ వస్తామన్నాడు.

ఆ మధ్యాహ్నం హెట్టీ పార తీసుకుని, ఒకే ఒక్క గుత్తి ఆకులతో సహా తవ్వి, గోడ మీదుగా నోరాకు అందించింది. నోరా నోరెళ్లబెట్టింది. మిగతావి కూడా తవ్వెయ్యమంది, ఆగస్టు ఎంతో దూరం లేదంది.

"అది నీకు. నీ బెంగ తీరడానికి" అంది హెట్టీ, తవ్విన చోట మట్టి కాలితో అదుముతూ. "మిగతావి ఇక్కడే ఉంటాయి. నేనూ ఇక్కడే ఉంటాను."