తిప్పి చూసే మనిషి

మా సర్వే పడవలో సోనార్ చూసే అన్న ధర్మవరం నేతింటి బిడ్డ. చీరలో ఎక్కడైనా రంగు మాసినట్టు కనిపిస్తే, వాళ్ల నాయన దాన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాకే తప్పు పట్టేవాడట. ఈయనకూ అదే అలవాటు. టీ గ్లాసునైనా ఓసారి తిప్పి చూడందే తాగడు.

ఒకసారి చెరువు అడుగును సోనార్ శబ్దంతో చిత్రం తీశాం. వేసవిలో పూడిక తీసే ట్రాక్టర్లకు దారి చూపాల్సిన చిత్రం. ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగా మసకపట్టి వచ్చింది. కంప్యూటర్‌లో ఆ మసకంతా సమం చేసి, ఇస్త్రీ బట్టలా నున్నగా చూపించాను.

"ఈడ నల్ల మచ్చ ఉండె కదప్పా, యాడికి పోయింది?"

"అదీ మసకే అన్నా. తుడిచేసినా."

"తిప్పి చూసినావా? మసకైతే పడవ తిప్పినప్పుడు మనతో పాటు పక్క మారతాది. నిజంగా ఏమన్నా ఉంటే ఆడనే ఉంటాది."

మిట్టమధ్యాహ్నం ఎండలో పడవ తిప్పించి, ఎదురు దిక్కు నుంచి మళ్లీ తీయించాడు. నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే నలుపంతా పక్క మారింది, ఆ ఒక్క మచ్చ తప్ప.

చెరువు ఎండేనాటికి ఆయనకు బదిలీ అయింది. మచ్చ ఉన్నచోట పైకి మామూలు నేలే. కర్ర గుచ్చితే నిలువునా దిగిపోయింది. బురద నిండిన పాత బావి! ట్రాక్టర్లు అటు పోకుండా చుట్టూ కంప వేయించి, ఫొటో తీసి ఆయనకు పంపాను.

వెంటనే జవాబొచ్చింది: "బాగుండాది. ఆ పక్క నుంచి గూడా తీసి పంపప్పా."