చేప తలలో నూకంత గింజ

నా చిన్నప్పుడు చేప తలని ఒక్క వేటుకి రెండు చెక్కలు చేయడంలో మా పేటలో నన్ను మించినవాళ్లు లేరు. పదేళ్ల పిల్లకి అంత పొగరు పనికిరాదు గానీ, నాకుండేది. మా అమ్మ రావులపాలెంలో చేపలమ్మేది. పులుసుకి తలకాయ కావాలన్నవాళ్లకి చీల్చి ఇవ్వడం నా పని.

మా చిన్న మావయ్య చేపపిల్లల ఫారంలో పని చేసేవాడు. తల్లిచేపల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువులవాళ్లకి అమ్మే చోటది. ఆ వానాకాలం మొదటిసారి ఆ పనంతా తన చేతుల మీదుగా జరగాలి. గుడ్లు పెడితే ఫారం బాధ్యత మావయ్యది. పెట్టకపోతే మళ్లీ చెరువులో బురద ఎత్తే పనే. ఒకరోజు పొద్దున్నే వచ్చి, పెద్ద చేపల తలలన్నీ బుట్టలో ఉంచమని అమ్మకి చెప్పి వెళ్లాడు.

ఎందుకో చెప్పలేదు. మావయ్యకి శ్రమ తగ్గిద్దామని నేనే కూర్చుని వాటిని చీల్చడం మొదలుపెట్టాను. సాయంత్రం ఆయన వచ్చేసరికి బుట్టలో నాలుగంటే నాలుగు తలలు మిగిలాయి. మావయ్య మొహం పాలిపోయింది. సంగతి తెలిశాక అమ్మ, "మీ మావయ్య కొంప ముంచేశావు కదే!" అని నెత్తిన ఒక్కటి మొట్టింది. నేను బావురుమన్నాను.

మావయ్య మాత్రం తిట్టలేదు. "ఊరుకో అక్కా, దానికేం తెలుసు? రావే కోడలా, నువ్వు కోసిందేంటో చూద్దువుగాని," అని నా చెయ్యి పట్టుకుని ఫారానికి తీసుకెళ్లాడు.

అక్కడ మిగిలినవాటిలో ఒక తల పైచిప్ప తీశాడు. మెదడుని పట్టకారుతో మెల్లగా ఎత్తాడు. దాని అడుగున, ఎముక గుంటలో, బియ్యపు నూకంత తెల్లటి గింజ! నా కత్తి ఇన్నాళ్లూ సరిగ్గా దాని మీదుగానే దిగేదన్నమాట. దాన్ని పిట్యూటరీ అంటారట. దాని నెత్తినే, మెదడులో, హైపోథాలమస్ అని ఇంకొకటి ఉంటుందట. గోదారికి ఎర్రనీళ్లు వచ్చాయా, వానకి నీళ్లు చల్లబడ్డాయా అని కనిపెట్టుకుని ఉండేది అదేనట. అదను చూసి అది కింది గింజకి కబురు పెడుతుంది. గింజ తన హార్మోన్లని నెత్తుట్లోకి వదులుతుంది. నెత్తురు వాటిని గుడ్లసంచి దాకా మోసుకుపోతుంది. చెరువులో చేపకి వరద తగలదు కాబట్టి కబురూ పుట్టదు, కడుపునిండా గుడ్లున్నా అలాగే తిరుగుతుంటుంది. అందుకే వేరే చేపల గింజలు తీసి, ఆ రసం మనమే ఎక్కించాలి.

"మనకీ ఉంటుందా మావయ్యా?"

"ఎందుకుండదే! నీ ముక్కు వెనకాల, బఠాణీ గింజంత. నువ్వు ఎదుగుతున్నది దాని చలవే. సరిపడా అయ్యాక చాలని నెత్తుట్లోంచే పైకి కబురెళ్తుంది, అప్పుడు తగ్గిస్తుంది. లేపోతే తాడిచెట్టంత అయిపోవూ!"

నేను ముక్కు తడుముకున్నాను.

మూడు జతల చేపలకి అనుకున్నది ఒక్క జతకే వచ్చింది. ఆ నాలుగు గింజలూ నూరి, నీళ్లు కలిపి, తోక దగ్గర సూదితో ఎక్కించాడు.

తెల్లారగానే పరిగెత్తాను. మావయ్య మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, రమ్మని చెయ్యి ఊపాడు. నీళ్లలో కట్టిన గుడ్డ తొట్టి నిండా నానిన సగ్గుబియ్యంలా గుడ్లు. అమ్మ బాబోయ్, ఎన్ని గుడ్లో! నూకంత గింజలు నాలుగు ఇంత పని చేశాయా అని నా ఒళ్లు జలదరించింది. మావయ్య ఏడుస్తున్నాడు. ఆ ఏడే ఫారం ఆయన చేతికొచ్చింది.

పెళ్లయ్యాక నా మొదటి కాన్పులో రెండు రోజులు పాలు పడలేదు. మా అత్తగారు దిష్టి తీశారు. మూడోనాడు పిల్ల ఆకలికి గుక్కపట్టి, రొమ్ము అందుకుని లాగింది. ఒక్కసారిగా చుర్రుమని పాలు దిగాయి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ, "ఏంటమ్మా, ఏమైంది?" అని కంగారు పడ్డారు. "నా తలలో ఓ గింజ ఉందండీ, దానికి నా పిల్ల కబురు అందింది," అన్నాను. బాలింతకి మతి చలించిందనుకున్నారు పాపం.

మావయ్య పోయి చాలా ఏళ్లయింది. దాహం పుట్టించేదీ తలలోని ఆ హైపోథాలమసేనట. ఇప్పటికీ దాహమేసి మంచినీళ్ల చెంబు అందుకున్నప్పుడల్లా, నేను అడక్కుండానే నా సంగతి చూసుకునే నా తలలోని ఆ ఇద్దరికీ, తిట్టాల్సిన రోజున వాళ్లని నాకు చూపించిన మావయ్యకీ మనసులో ఓ దణ్ణం పెట్టుకుంటాను.