అత్తమ్మ మొక్కిన జుట్టు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దేవుడికి దండం పెట్టుకుంటాను గానీ, ఆయన వచ్చి మన పనుల్లో చెయ్యి పెడతాడని ఎన్నడూ అనుకోలేదు. బీటెక్ చదివాను. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేదాన్ని. తప్పు కనబడితే దాని కారణం దొరికేదాకా వదలకపోవడమే నా ఉద్యోగం. దీనికి మాత్రం కారణం దొరకలేదు. బాబు పడుకున్నాక రాస్తున్నాను. వాడు లేస్తే మధ్యలోనే ఆపాల్సి ఉంటుంది.

మాది చేవెళ్ల. మా అత్తమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెలక, అంటే మెట్టపొలం, మొయినాబాద్ దగ్గర ఉండేది. అందులో చామంతి వేసేవారు. గట్టు మీద వేపచెట్టు, దాని కింద పసుపు పూసిన మూడు రాళ్లు. అదే వాళ్ల పోచమ్మ. నా కాన్పు కష్టమని డాక్టరు చెప్పినప్పుడు, బిడ్డ క్షేమంగా పుడితే పుట్టువెంట్రుకలు నీకే ఇస్తానని అత్తమ్మ ఆ రాళ్లకు మొక్కుకుంది.

బాబు క్షేమంగానే పుట్టాడు. ఈలోపు కంపెనీలు మా వైపు జరుగుతూ వచ్చాయి, వాటి వెనకే ఇళ్ల ప్లాట్లు అమ్మే వెంచర్లు వచ్చాయి. అత్తమ్మ చెలక కూడా అమ్మేశాం.

చెలక అమ్మేటప్పుడు మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. అందులో ఉన్న అమ్మవారికి బోనం వండి పెట్టాలి, సెలవు అడగాలి, ఆ రాళ్లను ఇంకో చోట నిలబెట్టాలి. అప్పుడే కాగితాల మీద వేలిముద్ర వేయాలి. కొనేవాళ్లు తొందరపెడితే అత్తమ్మ వేలిముద్ర ముందే వేసింది, బోనం ఆదివారం తీసుకుపోదామనుకుంది. ఆదివారానికి ముందే జేసీబీ వచ్చింది. రాళ్లు ఏ మట్టిలో కలిశాయో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఆమె దీపం పెట్టడం మానేసింది. "అమ్మ మొకం తిప్పుకున్నది. ఇంక నన్నెందుకు సూస్తది?" అనేది. అంతవరకైతే ఓర్చుకునేదాన్ని. బాబును ముట్టుకోవడం కూడా మానేసింది. ఎత్తుకోమని వాడు చీర పట్టుకుని లాగితే చేతులు వెనక్కి పెట్టుకునేది.

"ఈ చేతులతోనే అమ్మను ఎల్లగొట్టిన గద బిడ్డా. ఇవ్వి వాన్ని ముట్టొద్దు."

దేవుడు పగ పట్టడని నేను ఎన్నోసార్లు చెప్పాను. కన్నతల్లి లాంటిది, క్షమించదా అన్నాను. ఆమె వినేది, తల ఊపేది, మళ్లీ అదే మాట అనేది. వాణ్ని చూసుకునేవాళ్లు లేక నేను జీతం లేని సెలవు మీద ఇంట్లో కూర్చున్నాను. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది నాకు.

జుట్టు సంగతి మరీ ఘోరం. మొక్కిన చోట తప్ప ఇంకెక్కడా తీయడానికి వీల్లేదని పట్టు పట్టింది. ఆ చోటు ఇప్పుడు లేదు. రెండేళ్లు దాటిన పిల్లాడికి జుట్టు భుజాల కిందికి దిగింది. ఎండాకాలంలో తల నిండా సెగగడ్డలు లేచాయి.

"ఇంకో గుడిల తీపిద్దామే అమ్మా. దేవుళ్లందరు ఒక్కటే గద," అన్నాడు మా ఆయన.

"అట్లనా? అయితే నీ జీతం పక్కింటోనికి ఇయ్యమని చెప్పు. కంపెనీలన్నీ ఒక్కటే గద."

అప్పటినుంచి ఆయన ఆ ఊసెత్తలేదు.

సెగగడ్డలు చూపించడానికి ఒక మధ్యాహ్నం అత్తమ్మను కూడా తీసుకుని మొయినాబాద్ క్లినిక్‌కి బయలుదేరాం. ఆ పొద్దున నేనే వాడి తల దువ్వి, జుట్టంతా నడినెత్తిన చేర్చి పిలక వేసి, రబ్బరు బ్యాండు పెట్టాను. అప్పుడు జుట్టు మొత్తం ఉంది. ఇది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. కారు వెనక సీట్లో వాడు నా ఒళ్లోనే నిద్రపోయాడు.

దారిలో, ఒకప్పుడు ఆమె చెలక ఉన్న వెంచర్ దగ్గర అత్తమ్మ కారు ఆపమంది. మా ఆయనకు ఆఫీసు ఫోన్ వస్తే దిగి గేటు దగ్గరికి వెళ్లాడు. లోపల అన్నీ ఒకేలాంటి రోడ్లు, ఒకేలాంటి ప్లాటు రాళ్లు. వేపచెట్టు లేదు. అత్తమ్మ అటూ ఇటూ తిరిగి, చివరికి ఒకచోట ఎండలో కింద కూర్చుని ఏడ్చింది. డాక్టరు వెళ్లిపోతాడేమోనని నాకు చిరాకుగా ఉంది. అద్దాలు ఎక్కించుకుని ఏసీలో కూర్చుని ఆమెనే చూస్తున్నాను.

కాసేపటికి ఆమె తలెత్తింది. ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు, వాళ్లడిగినదానికి బదులు చెబుతున్నట్టు పెదవులు కదిలాయి. తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. అక్కడ ఎవరూ లేరు. ప్లాట్లు తప్ప ఏమీ లేదు.

లేచి వచ్చి కారు తలుపు తీసింది. "అమ్మ ఎంటికలు తీసుకున్నదట. మిగిలినయి యాడనన్న తీపియ్యుండ్రి," అంది. ఎండదెబ్బ తగిలిందనుకుని నేను నీళ్ల సీసా అందించబోయాను. ఆమె నీళ్లు తీసుకోలేదు. రెండు చేతులూ చాపింది.

"వాన్ని ఇటియ్యి బిడ్డా."

ఇన్ని నెలల తర్వాత వాడు ఆమె ఒళ్లోకి వెళ్లాడు. క్లినిక్ వచ్చేదాకా ఆమె ఒక చెయ్యి వాడి మెడ కింద, ఇంకోటి కాళ్ల మీద పెట్టుకునే ఉంది. పక్కనే కూర్చుని చూస్తూనే ఉన్నాను.

డాక్టరు పిలక విప్పి, జుట్టు పాయలు తీసి చూసి, "ఇక్కడ మీరే కత్తిరించారా?" అని అడిగాడు.

నడినెత్తిన రూపాయి బిళ్లంత చోట జుట్టు మొదలంటా కోసి ఉంది. రాలిపోయిన జుట్టు కాదు, పొట్టి మొదళ్లు చేతికి గరుకుగా తగిలాయి. కత్తిరించిన పాయ రబ్బరు బ్యాండులో ఇరుక్కుని ఉండాలి కదా. లేదు. డాక్టరు విప్పేదాకా బ్యాండు నేను వేసిన మెలికతోనే ఉంది.

తన తల్లే చేసి ఉంటుందంటాడు మా ఆయన. ఎప్పుడు చేసింది, నా కళ్లెదుటా? బాబును ముట్టుకోకముందే ఆమె వెంట్రుకలు తీసుకున్నదన్న మాట అనేసింది కదా? నేనే పొద్దున పరాకుగా చూసి ఉంటానని చుట్టాల్లో ఒకరన్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చి అత్తమ్మను అడిగాను. "ఏమన్నది అత్తమ్మా? అక్కడ ఎవరితోని మాట్లాడిండ్రు?"

ఆమె బాబుకు అన్నం కలుపుతోంది.

"తిడ్తదనుకున్న. తిట్టలే."

"మరి?"

"ఇంత ఎండల వచ్చినవ్, తిన్నవా అని అడిగింది."

ఎన్నిసార్లు అడిగినా ఆ మాటే చెబుతుంది. నేను నెలల తరబడి మొత్తుకుంటే ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎట్లా ఎక్కిందో నాకు అర్థం కాదు. కొన్నిసార్లు ఆమె మీద కోపం కూడా వస్తుంది.

మర్నాడు మిగిలిన జుట్టు చేవెళ్లలోనే తీయించాం. కోసి ఉన్న ఆ పాయ కోసం కారు సీట్ల సందులన్నీ వెతికాను, మ్యాట్లు దులిపాను, క్లినిక్‌కి ఫోన్ చేసి కూడా అడిగాను. ఎక్కడా లేదు. అదెక్కడికి పోయిందో ఇప్పటికీ చెప్పలేను.

అత్తమ్మ ఒక్కసారి కూడా వెతకలేదు.