తార్నాకలో సముద్రానికి వడదెబ్బ

నేను ఒకసారి ఒక సముద్రానికి వడదెబ్బ తగిలించాను. అదీ డిసెంబరు నెలలో, తార్నాకలో, ఫ్యాను కూడా వేసుకోని ఒక హాల్లో. మీరు నమ్మరని తెలుసు. మొదటి తొమ్మిది రోజులు నేనూ నమ్మలేదు. పైగా నా చేతి చలవ వల్ల ఆ సముద్రం వెలిగిపోతోందనుకుని నలుగురికీ ఫోటోలు చూపించాను. తన తెలివితక్కువతనానికి తానే ఇంత శ్రద్ధగా ప్రచారం చేసుకున్న మనిషి ఇంకెవరైనా మీకు తెలిస్తే చెప్పండి, కాస్త ఊరట పొందుతాను.

అప్పట్లో నేను యూనివర్సిటీలో బాటనీ పీహెచ్‌డీ చేస్తూ, తార్నాకలో దానియేలు అంకుల్ ఇంట్లో పై గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అంకుల్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఇంజన్ల మధ్య గడిపిన మనిషి రిటైరయ్యాక ఏం చేస్తాడు? గులాబీలు పెంచుతాడు, లేదా టీవీలో వార్తలతో పోట్లాడతాడు. అంకుల్ మాత్రం హాల్లో సముద్రం పెట్టుకున్నారు.

ఐదడుగుల గాజు తొట్టి, ఉప్పు కలిపిన నీళ్ళు, అడుగున రాళ్ళు, ఆ రాళ్ళ మీద బతికున్న పగడాలు. అప్పటిదాకా పగడమంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి అనుకున్నదాన్ని నేను. ఇవి మెత్తగా, నీటి కదలికకు ఊగుతూ ఉండేవి. ఒకటి తోలు చేతితొడుగు వేళ్ళు చాపినట్టు ఉండేది. కొన్ని చొక్కా గుండీలను గుత్తిగా అంటించినట్టు ఉండేవి. వీటన్నిటికీ మహారాజులు ఆకుపచ్చ పుట్టగొడుగుల్లాంటివి. ఒక్కదానితో మొదలుపెట్టి ఏడేళ్ళలో పదకొండు చేశారట అంకుల్. వాటి మధ్య తిరిగే రెండు నారింజ రంగు చేపల పేర్లు డ్రైవరు, గార్డు. ఎప్పుడు చూసినా ఒకటి ముందు, ఇంకొకటి వెనక.

ఆ డిసెంబరులో రూతమ్మ ఆంటీ చెల్లెలి కొడుకు పెళ్ళి పడింది కాజీపేటలో. దంపతులిద్దరూ పన్నెండు రోజులకు బయల్దేరారు. వెళ్ళేముందు అంకుల్ నన్ను తొట్టి ముందు నిలబెట్టి డ్యూటీ అప్పజెప్పారు.

"బిడ్డా, చేపలకు పొద్దుగాల చిటికెడు దాన, మాపటికి చిటికెడు దాన. నీళ్ళు తగ్గితే గీ క్యాన్‌లవి పొయ్యి. ఇగ దేన్నీ ముట్టకు."

"అంకుల్, తొట్టి మీద ట్యూబులైటు ఒకటి మినుకుమినుకుమంటున్నది కదా?"

"మననియ్యి. కొత్తది తెప్పిచ్చిన, గా డబ్బల ఉన్నది. నేనొచ్చినంక నిమ్మలంగ పెడ్త."

నిమ్మలంగ. ఆ ఒక్క మాటలోనే అసలు శాస్త్రమంతా ఉంది. నాకు మాత్రం "కొత్తది" అన్న మాటే వినబడింది.

ఆదివారం పొద్దున్నే డబ్బా విప్పాను. ఆకుల మీద వెలుతురు ఏం చేస్తుందో నాలుగేళ్ళుగా కొలుస్తున్నదాన్ని, నన్ను నోరారా "డాక్టరమ్మా" అని పిలిచే ముసలాయనకు ఒక లైటు బిగించి పెట్టలేనా? పెద్దాయన వచ్చి చూసి ఎంత పొంగిపోతాడో అని ముందే ఊహించుకుని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. స్టూలు ఊగుతోంది. డబ్బాలో ఏదో కాగితం కనిపిస్తే నాలుగు మడతలు పెట్టి స్టూలు కాలు కిందికి తోశాను. పాత ట్యూబులు దించి కొత్త ఎల్‌ఈడీ లైటు వేలాడదీశాను. దాన్ని ఫోన్‌లోంచే నడపాలి. తెర మీద రెండు గీతలు, ఒకటి నీలానికి, ఒకటి తెలుపుకి. రెండింటికీ సున్నా నుంచి వంద దాకా మార్కులున్నాయి.

వంద మార్కులున్నచోట వంద తెచ్చుకోవాలని చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో చెప్పారు. తెచ్చుకున్నాను, రెండింట్లోనూ.

హాలు ఒక్కసారిగా ఫంక్షన్ హాలైపోయింది. డ్రైవరు రాయికి గుద్దుకున్నాడు, గార్డు రాయి వెనక దాక్కున్నాడు. ఆనందం పట్టలేకపోతున్నారనుకున్నాను. సాయంత్రానికి కిటికీలోంచి ఊదారంగు వెలుతురు వీధంతా పరుచుకుంది. ఆటో అతనొకాయన బండి ఆపి మరీ అడిగాడు.

"అక్కా, గీడ బ్యూటీ పార్లర్ తెరిసిన్రా?"

"కాదన్నా, సముద్రం."

అతను వెంటనే గేరు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి పుట్టగొడుగులు బొట్టుబిళ్ళంత అయ్యాయి. గుండీలు మూతులు ముడుచుకున్నాయి. తోలు చెయ్యి పిడికిలి బిగించింది. ఇప్పుడాలోచిస్తే ఆ పిడికిలి నాకోసమే. కానీ నేను పరిశోధకురాలిని కదా, చేతులు కట్టుకుని తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి తేల్చేశాను: పాపం, వీటికి వెలుతురు చాలడం లేదు!

ఎనిమిది గంటలు వెలిగే లైటును పన్నెండు గంటలు చేశాను. అయినా పిడికిలి విడవలేదు. లైటును జానెడు కిందికి దించాను. దాహంతో ఉన్నవాడికి ఉప్మా పెట్టి, తినడం లేదేమిటని ఇంకో గరిటె వడ్డించినట్టుంది నా వరస.

ఐదో రోజుకి రంగులు మారడం మొదలైంది. ఆకుపచ్చ పాలిపోయి మీగడ రంగులోకి, మీగడ పోయి పాలతెలుపులోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే పక్కింటి పద్మావతి గారు కరివేపాకు కోసం వచ్చారు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఆవిడ తొట్టి ముందు కొయ్యబారిపోయారు.

"ఏమ్మా, ఎంత తెల్లగా తేలాయే ఇవి! ఏం వేసి కడిగావు?"

"ఏమీ వెయ్యలేదండీ. వెలుతురే."

"మావారి చొక్కాలు సబ్బుతో ఎంత బాదినా ఇంత తెలుపు రావే!"

"వెలుతురు సరిగ్గా పడితే ఏదైనా మెరుస్తుందండీ," అన్నాను, పదిమంది విద్యార్థులు రాసుకుంటున్నంత గంభీరంగా.

ఎనిమిదో రోజు అంకుల్ ఫోన్ చేశారు.

"తొట్టి ఎట్లున్నది బిడ్డా?"

"మెరిసిపోతున్నది అంకుల్! మీరొచ్చి చూస్తే గుర్తువట్టరు."

"గుర్తువట్టకపోవుడేంది?"

"అది సర్‌ప్రైజ్."

పెళ్ళి బాజాకు దూరంగా జరిగినట్టున్నారు, అంకుల్ గొంతు స్పష్టంగా వినిపించింది.

"బిడ్డా, మా డ్యూటీల సర్‌ప్రైజ్ అంటే బండి పట్టాలు దిగుడు. ఏం జేసినవ్?"

"మీరు రాండ్రి అంకుల్, చూస్తరు గదా!" అని ముసిముసిగా నవ్వి పెట్టేశాను.

తొమ్మిదో రోజు క్యాంపస్‌లో, మా ల్యాబులో, గైడు మేడమ్‌కు ఫోటోలు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి, దించి, మళ్ళీ తోశారు.

"ఇవి ముందు ఏ రంగులో ఉండేవి?"

"ఆకుపచ్చ మేడమ్. ఇప్పుడు చూడండి, ముత్యాల్లా ఉన్నాయి కదా?"

"నీ రెండో చాప్టర్ పేరేమిటి?"

ఈవిడ మాట మార్చేస్తున్నారే అనుకుంటూ చెప్పాను. "అతికాంతి వల్ల ఆకులకు కలిగే నష్టం, మేడమ్."

"ఎవరు రాశారు?"

"నేనే మేడమ్."

"ఒకసారి చదువు. బాగుంటుంది."

ల్యాబులో ఉన్నవాళ్ళంతా మైక్రోస్కోపుల్లోకి తలలు దూర్చి భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. నేనింకా అర్థంకాక, "కానీ మేడమ్, పగడం జంతువు కదా, నావి వేరుశనగ ఆకులు కదా" అని నసిగాను.

"జంతువే. కానీ దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. వెలుతురుతో అదే వంట చేసి పగడానికి పెడుతుంది. ఆ రంగూ దానిదే. నువ్వు ఒక్కసారిగా ఎండ కుమ్మరించేసరికి పొయ్యి దగ్గర నిలబడలేక నాచు బయటికి పోయింది. నువ్వు ముత్యాలంటున్నవి పస్తులున్న పగడాలు. ఇంటికి నడు!"

నడవలేదు. పరుగెత్తాను. క్యాంపస్ గేటు నుంచి తార్నాక దాకా ఎన్ని సిగ్నళ్ళు దాటానో, ఎందరి తిట్లు తిన్నానో గుర్తులేదు. దారిపొడవునా ఆ పదకొండు పుట్టగొడుగులే కళ్ళముందు. ఏడేళ్ళు పట్టింది వాటికి అంతమంది కావడానికి. నాకు తొమ్మిది రోజులు చాలాయి.

వెలుతురు తగ్గించాను. లైటు పైకి లాగాను. అయినా భయం పోక, పైగదిలోంచి నా దోమతెర తెచ్చి నాలుగు మడతలు వేసి తొట్టి మీద కప్పాను. నీడ బాగానే పడింది. తెర చివర్లు దారంతో కడుతూ ఉండగా వెనక తలుపు చప్పుడైంది.

నా "సర్‌ప్రైజ్"కి భయపడి అంకుల్ మూడు రోజుల ముందే రైలెక్కారట.

చేతిలో పెట్టెతోనే ఆయన తొట్టి వైపు చూశారు. దోమతెర వైపు చూశారు. నా వైపు చూశారు.

"ఏందమ్మా, చేపలకు దోమలు కుడుతున్నయా?"

అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కుతూనే జరిగిందంతా చెప్పాను, వంద మార్కులు, పన్నెండు గంటలు, జానెడు కిందికి, రెండో చాప్టరుతో సహా. రూతమ్మ ఆంటీ తెర ఎత్తి చూసి, "అయ్యో, పాలల్ల ముంచి తీసినట్టున్నయ్ గదనే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అంకుల్ తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తొట్టి ముందున్న స్టూలు మీదే కూర్చుని, గాజు మీద వేలు పెట్టి పుట్టగొడుగులు లెక్కపెట్టారు. పదకొండు దాకా.

"సచ్చిపోయినయా అంకుల్?"

"లేదు. రంగు వోయింది గాని కండ ఉన్నది. పట్టుకొని ఉన్నయ్. చూద్దాం." ఆగి అడిగారు. "డబ్బల ఒక కాగితం ఉండాలె. చదివినవా?"

ఆయన కూర్చున్న స్టూలు కాలు కింద నుంచి దాన్ని లాగి, మడతలు విప్పి ఇచ్చాను. పైన ఎర్ర అక్షరాల్లో, మొదటి వారం ఇరవై శాతానికి మించొద్దని, ఆ తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచాలని ఉంది. అంకుల్ దాన్ని వర్క్‌షాపు గొంతుతో పైకి చదివారు. రెండుసార్లు. రెండోసారి అవసరం లేదు, నాకోసం చదివారు.

ఇల్లు ఖాళీ చెయ్యమంటారనుకుని రాత్రికే పెట్టె సర్దుకుందామనుకున్నాను. అంకుల్ మాత్రం లైటు నడిపే నా ఫోన్ తీసి నా చేతిలోనే పెట్టారు.

"లైటు నువ్వే చూస్కో."

"నేనా? మళ్ళా?"

"మా షాపుల ఇంజన్ ఎవడు చెడగొడితే మల్ల వానికే అప్పజెప్తుంటి. గానికంటె మంచిగ ఎవ్వడు చూస్కోడు."

అలా నా శిక్ష మొదలైంది. నిజం చెప్పాలంటే, నా జీవితంలో అంత హాయైన మూడు నెలలు లేవు. రోజూ క్యాంపస్ నుంచి రాగానే తొట్టి ముందు చేరేదాన్ని. ఆంటీ చాయ్ ఇచ్చేది. అంకుల్ సన్నగా తరిగిన రొయ్య ముక్కలు గొట్టంతో పుట్టగొడుగుల నోటికి అందించేవారు, జ్వరం పడ్డ పిల్లలకు జావ పోసినట్టు. దోమతెర ఒక్కో మడతా తీసేటప్పుడు ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఈలోపు పైగదిలో దోమలు నా రక్తం తాగుతుండేవి, కానీ ఆ విషయం ఎవరికీ చెప్పే అర్హత నాకు లేదు.

ఐదో వారంలో ఒక సాయంత్రం ఆంటీ కేక వేసింది. "ఇగో, ఇటు రాండ్రి! దీని అంచుకు రంగు వచ్చింది!" పెద్ద పుట్టగొడుగు అంచున, పెన్సిలు గీసినంత సన్నగా, పాచి రంగు. ఆ పాచి రంగును చూసినంత సంతోషంగా నేను ఏ మార్కుల జాబితానూ చూడలేదు. మూడో నెల తిరిగేసరికి తోలు చెయ్యి పిడికిలి విప్పింది. గుండీల్లో ఒక గుత్తి మాత్రం పోయింది, దానికి ఈరోజుకీ నేనే బాధ్యురాలిని. పుట్టగొడుగులు పదకొండూ నిలిచాయి.

ఆ మరుసటి ఏడాది నా వైవా. బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షకులు వచ్చారు. హాల్లోకి ఎవరైనా రావచ్చు కనుక అంకుల్, ఆంటీ ఇస్త్రీ బట్టల్లో వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. నేను బాగానే చెప్పుకొస్తున్నాను. అంతలో పరీక్షకుడు రెండో చాప్టరు తిప్పి, "అమ్మా, ఈ అతికాంతి నష్టం వేరుశనగలో చూపించారు, బాగుంది. వేరే ఏ జీవిలోనైనా స్వయంగా గమనించారా?" అని అడిగారు.

నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ కిటికీ బయటికి చూడటం మొదలుపెట్టారు. వెనక వరసలోంచి ఒక వర్క్‌షాపు గొంతు లేచింది.

"చూసింది సార్! మా ఇంట్లనే చూసింది. తొమ్మిది దినాల్ల రిజల్ట్ తెచ్చింది. కావాల్నంటే పదకొండు మంది సాక్షులున్నరు!"

హాలంతా నవ్వింది. పరీక్షకుడు నవ్వు ఆపుకుంటూనే సంతకం పెట్టారు. నా పేరు ముందు ఈరోజు డాక్టరని ఉందంటే అందులో సగం ఆ సాక్షుల చలవే.

కనుక పాఠక మహాశయులారా, డ్రైవరు, గార్డుల సమక్షంలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ లైటునూ, ఏ పొయ్యినీ, ఏ స్పీకరునూ, చివరికి ఏ మనిషి మీదైనా నాకున్న ప్రేమను కూడా, మొదటిరోజే వందకు తిప్పను. ఇరవైతో మొదలుపెట్టి నిమ్మలంగా పెంచుతాను.

మే నెలలో ఫ్యాను రెగ్యులేటరు మాత్రం ఈ ప్రమాణం కిందికి రాదు.